ఏడో నెలలో రాతి వంతెన

మా వంతెన కింద పారేది ఏరా, కాలువా అన్న విషయం మీద మా అత్తగారికీ నాకూ ఒక వర్షాకాలమంతా వాదన నడిచింది. ఏరే అని ఆవిడ. కాదని నేను. వాదించడం నాకు కొత్తేమీ కాదు. ఎమ్మే ఎకనామిక్స్ చదివి నేను దేశానికి చేసిందేమిటో తెలియదు గాని, ఎదుటివాళ్ళ మాటలో కంత ఎక్కడుందో వెతకడం మాత్రం బాగా అబ్బింది. అయితే ఆ వాదన సరదాకి చేసింది కాదు. అది ఏరే అయితే నేను దాటకూడదు. దాటకపోతే ఉద్యోగం ఉండదు. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను.

పెద్ద తుఫానుకు ముందు సంవత్సరం అది. మా అత్తవారి ఊరు గోదావరి పాయకు ఇవతలి ఒడ్డున ఉంది. నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీ అవతలి ఒడ్డున, టౌనులో ఉంది. రెంటికీ మధ్య దొరల కాలంలో కట్టిన రాతి వంతెన. కమానుల మీద నిలబడి, మధ్యలో గూనిలా లేచి, రెండు వైపులకూ వాలుగా దిగుతుంది. ఒకప్పుడు దాని మీద ఎడ్లబళ్ళు నడిచేవట. దిగువన, పాయ మలుపు తిరిగే చోట సిమెంటు వంతెన వేశాక, పాతదాని మీద బళ్ళు తిరగకుండా రెండు చివర్లా నడుమెత్తు రాళ్ళు పాతేశారు. ఆ రాళ్ళ సందులోంచి మనిషి పోతాడు, సైకిలు పోతుంది, రిక్షా పోదు. పిట్టగోడ చూస్తే మోకాలెత్తే. కట్టిన దొరలు దాని మీద ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని నడుస్తారని అనుకుని ఉండరు. తాము గుర్రం మీద పోతే లోకమంతా గుర్రం మీదే పోతుందనుకునే రకం.

బస్సు లేదా అంటే ఉంది. సిమెంటు వంతెన మీదుగా ఊళ్ళన్నీ చుట్టి వెళుతుంది. ఆ రోడ్డు మీద బస్సెక్కిన మనిషి దిగాక తన ఎముకలు తనకే ఉన్నాయా, పక్కవాళ్ళకు వెళ్ళిపోయాయా అని తడిమి చూసుకోవాలి. టౌనులో నన్ను చూసే డాక్టరమ్మ మొదటి నెలలోనే చెప్పేసింది. "కుదుపులు పనికిరావు. బస్సొద్దు, స్కూటరొద్దు. నడవండి. నడిస్తే మంచిదే." ఆవిడ అంత జాగ్రత్తగా చెప్పడానికి కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం నాకు ఒకసారి నిలిచి, ఐదో నెలలో పోయింది.

మా అత్తగారితో నేను వేసిన వాదనలన్నిటికీ అదే పునాది.

"కడుపుతో ఉన్న పిల్ల ఏరు దాటకూడదమ్మా. ఏడో నెల వచ్చాక అసలే కూడదు," అనేది ఆవిడ, చేటలో బియ్యం ఏరుతూ.

"పోయినసారి నేను ఏరు కాదు, వీధి గుమ్మం కూడా దాటలేదండీ. మంచం దిగనివ్వలేదు మీరు. ఏమైంది?"

ఆవిడ చేట పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయేది. గెలిచానని నాకు అనిపించేది కాదు. పోయిన బిడ్డను అడ్డం పెట్టుకుని గెలిచే వాదన ఎంత గెలిచినా గొంతులోనే ఉండిపోతుంది.

మా ఆయన ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా. శనివారం రాత్రికి వచ్చి సోమవారం తెల్లారి వెళ్ళేవారు. ఒక ఆదివారం భోజనాల దగ్గర తీర్పు చెప్పమని ఆయన్ని నిలదీశాను. మీ ఆఫీసు నీళ్ళ మీదే బతుకుతోంది కదా, చెప్పండి, మన వంతెన కింద ఉన్నది ఏరా, కాలువా?

ఆయన ముద్ద మింగి, "రికార్డుల్లో డ్రైను అని ఉన్నట్టు గుర్తు," అన్నారు.

"ఏమన్నావురా?" అంది మా అత్తగారు.

"వర్షాలప్పుడు పైనుంచి మిగులు నీరంతా దాంట్లోకే వదులుతారమ్మా. అందుకని."

"గోదారమ్మని మురుక్కాలవంటావా? నీకు జీతమిచ్చేది ఆవిడేరా. ఆ చేత్తోనే అన్నం తింటున్నావు."

ఆయన మజ్జిగ పోయించుకుని తల వంచుకున్నారు. మా ఇంట్లో ఏ తగువులోనైనా ఆయన చివరకు చేరే చోటు మజ్జిగే. నాకు మాత్రం డ్రైను అన్న మాట చాలు. ఆ మర్నాటి నుంచి ఆవిడ ఏరు అన్నప్పుడల్లా నేను డ్రైను అన్నాను.

ఉద్యోగం మానేస్తే ఏం పోయేదని మా బంధువులు చాలామంది అడిగారు. అడిగినవాళ్ళెవరూ ఉద్యోగం చేసినవాళ్ళు కాదు. అది ఏడాదికేడాది మళ్ళీ ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేనట్టు ఉండే ఉద్యోగం. నడిమధ్యలో నేను లేస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, మరి లేవరు. అది ఒక కారణం. ఇంకొకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వెల్లకిలా పడుకుని, పెంకుల కింద వాసాలు చూస్తూ, కడుపులో ఏమవుతోందో చెవులు రిక్కించి వినడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకసారి చేశాను. రెండోసారి చేస్తే పిచ్చెక్కేది. తరగతి గదిలో పిల్లల చేత గిరాకీ, సరఫరా అని బోర్డు మీద గీతలు గీయిస్తున్నంత సేపైనా నా కడుపు గురించి నేను ఆలోచించేదాన్ని కాదు. మా అమ్మ అప్పటికే లేదు కనుక పురిటికి పుట్టింటికి వెళ్ళే ప్రశ్న కూడా లేదు. ఏం జరిగినా అత్తగారి చేతుల్లోనే జరగాలి. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, అదే ఆవిడ భయం.

మరి నాకు భయం లేదా అంటే, ఉంది. వంతెన ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా ఉండేది. ఆషాఢంలో ఎర్రనీళ్ళు వచ్చి కమానుల్లో సుడులు తిరుగుతుంటే కిందికి చూసేదాన్ని కాదు. ఎడమ కాలు పిట్టగోడకు రాసుకుంటూ, కుడి చేయి కడుపు మీద పెట్టుకుని నడిచేదాన్ని. నీళ్ళ కంటే సైకిళ్ళంటే ఎక్కువ భయం. గూని దాటాక వాలులో వదిలేశాడంటే ఏ సైకిలూ ఆగదు. వంతెన మీద ఎవరూ రాయని చట్టం ఒకటి ఉండేది: బరువున్న సైకిలుకే దారి. పాల క్యాన్లు, గడ్డి మోపులు, కొబ్బరికాయల మూటలు. బరువుతో వచ్చేవాడు "సైడు, సైడు" అని కేక పెడతాడు గాని ఆగడు. తక్కినవాళ్ళు గోడకు అతుక్కోవాలి. మోకాలెత్తు గోడకు ఏడో నెల కడుపుతో అతుక్కోవడమంటే ఏమిటో అతుక్కున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆశ్వయుజం వెళ్ళేసరికి నాకు ఏడో నెల వచ్చింది. వాదనలో ఇక నన్ను గెలవలేనని మా అత్తగారికి అర్థమైంది. అప్పుడు ఆవిడ వాదన మానేసి పని మొదలుపెట్టింది.

ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక రోజు వంతెన మీద ఎదురుగా వస్తున్న పాలబ్బాయి నన్ను చూడగానే సైకిలు దిగి, పక్కకు నెట్టుకుని నిలబడ్డాడు. ఆ వెనకే వస్తున్న ఇద్దరు కూడా దిగారు. ఎవరైనా పెద్దమనిషి శవం వస్తోందా అని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మర్నాడూ అంతే. మూడో రోజు, చేపల గంపతో రోజూ టౌనుకు వెళ్ళే ఆవిడ నన్ను ఆపింది. మా ఊరి రేవు దగ్గర పల్లెలో ఉంటుంది ఆవిడ. నాతో పాటే వంతెన ఎక్కుతుంది, కానీ అంతవరకు మేము ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"మేడంగారూ, ఈ వైపు గోడ పక్కన నడవండి. గాలి తక్కువ."

"మీకెలా తెలుసండీ నేను..." అని ఆగాను. కడుపు చూస్తే గుడ్డివాళ్ళకైనా తెలుస్తుంది.

"మీ అత్తగారు చెప్పారు కదండీ. పొద్దున్నే మీకంటే ముందు రాయి కాడ నిలబడి వచ్చినోడికల్లా చెప్తున్నారు. మా కోడలొస్తది, దిగండి, మళ్ళీ మళ్ళీ చెప్పించుకోకండి అని. మొన్న మా ఆయన సైకిలుకి బెల్లు లేదని తిట్టారండి. మా ఆయనకి సైకిలే లేదు, మా మరిది సైకిలది."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే అడిగేశాను.

"నన్ను ఊరేగిస్తున్నారా అత్తయ్యగారూ? వంతెన మీద ప్రతివాడూ ఎన్నో నెలండీ అని అడుగుతున్నాడు. మా స్టూడెంట్లు కూడా ఆ దారినే వస్తారు."

"అడిగితే చెప్పు. దొంగతనం చేశావా?"

"నేను దాటడం తప్పని కదా మీరన్నది?"

"తప్పే. నువ్వు వినవు. వినని మనిషిని ఏం చెయ్యను, కాళ్ళు కట్టెయ్యనా? ఆ సైకిళ్ళోళ్ళు వింటారు. అందుకే వాళ్ళకి చెప్పాను."

ఆ మాటలో కంత ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. అంత అరుదుగా జరిగే సంగతి కనుక గుర్తుండిపోయింది.

కార్తీకం వచ్చింది. కొబ్బరికాయలకు గిరాకీ పెరిగింది. అవతలి ఒడ్డు తోటల్లో దింపిన కాయలు మా ఒడ్డున ఉన్న కొట్టుకు చేరాలి. వాటిని తాడు వలల్లో కట్టి, కేరియరుకు రెండు పక్కలా వేలాడదీసి, మధ్యలో ఇంకో వల ఎక్కించి సైకిళ్ళ మీద తెచ్చేవారు. చక్రం కనపడేది కాదు. దూరం నుంచి చూస్తే కాయల కుప్ప ఒకటి మనిషిని తోసుకుంటూ వస్తున్నట్టుండేది. గూని దాకా నెట్టుకుంటూ వచ్చి, పైకి చేరాక ఎక్కి కూర్చుని, వాలులో ఒకే ఊపున దిగిపోతారు. అలా దిగే దారిలో ఆగరు.

అందరూ దిగుతుంటే ఈ కొబ్బరికాయల సైకిళ్ళవాళ్ళు మాత్రం దిగడం లేదని మా అత్తగారి కంట పడింది. ఒక పొద్దున్న నేను వంతెన దగ్గరకు వచ్చేసరికి ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, రాయి పక్కన నిలబడి, అప్పుడే సైకిలు మీద వాలు దిగి వచ్చిన ఒకతన్ని పట్టుకుంది. నడివయసు మనిషి. రోజూ చూసే ముఖమే.

"ఏవయ్యా, ఊరంతా దిగుతున్నారు. నీకేం వచ్చింది?"

"బరువుతో దిగితే బండి నిలవదండి. వాలు కదండి."

"నిలబెట్టుకో. అంత బరువు ఎత్తినోడివి అంత మాత్రం పట్టుకోలేవా?"

"అత్తయ్యగారూ, ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వండి. నేనే తప్పుకుంటాను," అన్నాను నేను.

"నువ్వుండు. నీకు తప్పుకోడం వస్తే నాకీ బాధేంటి?"

ఆ మనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "పర్లేదండి పంతులమ్మగారు. పెద్దావిడ చెప్పారు కదండి. అలాగేనండి. దిగుతానండి."

మా వైపు 'అలాగేనండి' అంటే ఏమిటో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. అప్పు అడిగినవాడికి అలాగేనండి, పెళ్ళికి రమ్మన్నవాడికి అలాగేనండి, ఓటడిగినవాడికి మూడు పార్టీలకూ అలాగేనండి. అది మర్యాద. దాని మీద ఇల్లు కట్టుకునే మనిషి మా జిల్లాల్లో ఉండడు. మా అత్తగారికి కూడా ఆ సంగతి తెలుసు. చెప్పాల్సింది చెప్పాను, అనాల్సింది అతను అన్నాడు, అయిపోయింది అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

అతను మాత్రం నిజంగానే ఒప్పుకున్నాడు.

ఆ తరువాతి సోమవారం మా అత్తగారు ఉపవాసం. తెల్లారే గుడికి వెళ్ళింది, రాయి దగ్గర లేదు. మంచు కురుస్తోంది. వంతెన మధ్య భాగం కనపడుతోంది గాని అవతలి చివర కనపడడం లేదు. నేను మా వైపు వాలులో సగం ఎక్కాను. నా వెనక కొంచెం దూరంలో చేపలావిడ వస్తోంది. గూని మీద కాయల కుప్ప కనపడింది. నేను గోడ వైపు జరిగాను. అది రోజూ లాగే ఊపందుకుంది. సగం దూరం వచ్చాక అతను నన్ను గుర్తుపట్టాడు.

అతను దిగాడు.

దిగుతూనే బండిని రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగాడు. రెండు మూడు అడుగులు అది అతన్ని ఈడ్చుకొచ్చింది. మడమలు రాళ్ళ మీద రాసుకుంటున్న చప్పుడు నాకు వినిపించింది. తరువాత ఒక పక్కకు ఒరిగింది. ఒక వల తాడు తెగింది. పీచు తీయని కాయలు, ఒక్కొక్కటి చంటిబిడ్డ తలకాయంత, వాలు మీద నా వైపు దొర్లుకుంటూ వచ్చాయి.

ఎటు పోవాలి? వెనక్కి తిరిగితే కాళ్ళ వెనక తగులుతాయి. ఎగరలేను. గోడ ఎక్కలేను, గోడ అవతల నీళ్ళు. కడుపును రెండు చేతులతో కప్పుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మొదటి కాయ నన్ను తప్పుకుని పోయింది. రెండోది పిక్క మీద కొట్టింది. తరువాతది ఎక్కడ తగిలిందో తెలియదు. మోకాళ్ళు మడిచి నేలకు కూలబడ్డాను. కడుపు దేనికీ తగలలేదు. నాకు ఆ సంగతి బాగా తెలుసు. తెలిసీ ఏం లాభం, కూలబడ్డ ఆ అదురు లోపలికి పాకింది.

కాయలు దొర్లడం ఆగింది. కొన్ని మా ఒడ్డు దాకా వెళ్ళాయి, కొన్ని గోడలోని నీళ్ళ తూముల్లో ఇరుక్కున్నాయి. వంతెన మీద చప్పుడు లేదు. నేను విన్నాను. బయట కాదు, లోపల.

ఏమీ లేదు.

"కూకోండి, లేవకండి," అంటూ చేపలావిడ గంప దించి నా దగ్గరకు వచ్చింది. నా కాళ్ళు జాపి, చీర సరిచేసి, అటూ ఇటూ చూసి, మెల్లగా చేయి పెట్టి చూసింది. "తడి లేదండి. రక్తం లేదు. బిడ్డ కదులుతోందా?"

"పొద్దున కదిలింది."

"ఇప్పుడో?"

నేను తల అడ్డంగా ఊపాను.

"నిద్రోయి ఉంటది. కదులుతది. భయపడకండి." అని నాకు చెప్పి, వెనక్కి తిరిగి, "ఒరే, ఎవరన్నా గుడి కాడికి పరిగెత్తండి. వాళ్ళ అత్తగారు అక్కడున్నారు. సైకిలెక్కి పోరా, దిగింది చాలు," అంది.

జనం చేరారు. సైకిళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తీపి పడితే బిడ్డ కదులుతుందని ఎవరో అన్నారు. కొబ్బరికాయల మనిషి దొర్లిన కాయల వంక చూడను కూడా లేదు. సైకిలు పక్కన పడి ఉంది. ఒక కాయను పిట్టగోడ కొసకేసి కొట్టి, పీచు చేతులతోనే చీల్చి, నీళ్ళు నా నోటికి అందించాడు. సగం నా మెడ మీద పోశాడు. "దిగమన్నారండి," అన్నాడు మెల్లగా, ఎవరితోనో తెలియకుండా. "దిగానండి."

తియ్యటి నీళ్ళు తాగాను. ఎదురు చూశాను. ఏమీ లేదు.

మా అత్తగారు వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ముడి వేసుకోలేదు, వీపంతా తడి. పరిగెత్తలేని మనిషి, పరిగెత్తుకొచ్చింది. జనాన్ని తోసుకుని నా ముందు గొంతుక్కూర్చుంది.

"ఎక్కడ తగిలింది?"

"పిక్క మీద."

"కడుపుకి?"

"లేదు. కూలబడ్డాను."

"కదిలిందా?"

"లేదు."

ఆవిడ తల తిప్పి మా ఊరి వైపు చూసింది, తరువాత టౌను వైపు చూసింది. ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టండి, మన ఊరి డాక్టర్ని పిలుద్దాం అన్నాడు ఎవరో. మా ఊరి డాక్టరంటే జ్వరానికీ, కురుపుకీ, కుక్కకాటుకీ ఒకే రంగు గోళీ ఇచ్చే మనిషి.

"వాడేం చేస్తాడు?" అంది ఆవిడ. నా మోచేయి పట్టుకుంది. "లే. అవతలికి వెళదాం. మీ డాక్టరమ్మ దగ్గరికి."

అక్కడ నాకు ఏమైందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నెలల తరబడి రోజూ దాటిన వంతెన అది. ఆ వాలు ఎక్కి, ఆ గూని దాటి, నీళ్ళ మీదుగా అవతలికి వెళ్ళాలంటే కాళ్ళు కదలలేదు. దాటితే పోతుందని ఎవరో నా చెవిలో చెప్పినట్టే అనిపించింది.

"నేను దాటనండి," అన్నాను.

"ఏంటి?"

"దాటను. ఇంటికి తీసుకెళ్ళండి. ఏడో నెలలో దాటకూడదు. మీరే కదా అన్నారు."

"అన్నాను."

"మరి?"

"మరేంటి, డ్రైనన్నాడుగా మీ ఆయన. డ్రైనన్నావుగా నువ్వు, నా బుర్ర తిన్నావుగా మూడు నెలలు. డ్రైను దాటితే ఏమీ కాదు. లే."

ఆవిడ ముఖంలో ఎగతాళి లేదు. భయం ఉంది. నాకంటే ఎక్కువే ఉంది. నమ్మినది చేతులారా తప్పుతున్న మనిషి భయం అది. నేను లేచాను.

చేపలావిడ ఒక పక్క పట్టుకుంది. గంప వంతెన మీదే వదిలేసింది, కాకులకు. మా అత్తగారు ముందు నడిచింది, రెండు చేతులూ బార చాచి, వంతెన మొత్తం తనే అయినట్టు. గూని దగ్గర ఎదురుగా ఇంకొక బరువు సైకిలు నెట్టుకుంటూ వస్తోంది. ఆవిడను చూసి అతను గాభరాగా ఆపబోయాడు.

"ఆగకు," అని అరిచింది ఆవిడ. "నువ్వు ఆగకు. పో, నీ దారిన నువ్వు పో. మేమే తప్పుకుంటాం."

మేము గోడకు తప్పుకున్నాం. అతను వెళ్ళాడు. మళ్ళీ నడిచాం. దారంతా చేపలావిడ అడుగుతూనే ఉంది, కదిలిందా అని. అడగడం మానేస్తే బాగుండుననిపించింది. మానేసినప్పుడు మళ్ళీ అడిగితే బాగుండుననిపించింది. అవతలి రాళ్ళ దగ్గర రిక్షా దొరికింది. అప్పుడు కుదుపుల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, గొట్టం పెట్టి, చెవి ఆనించి వింది. ఒక చోట విని, జరిపి, ఇంకొక చోట వింది. మా అత్తగారు గుమ్మం దగ్గర నుంచి, "వినపడుతోందాండి?" అంది. "ష్," అంది డాక్టరమ్మ. మళ్ళీ జరిపింది. ఆవిడ చెవికున్న దుద్దు నా చర్మానికి చల్లగా తగిలింది. ఆ దుద్దు మీదే మనసు పెట్టాను, ఇంకెక్కడా పెట్టలేక.

"ఉంది," అంది చివరకు. "గుండె కొట్టుకుంటోంది. బాగానే ఉంది. కానీ కదలిక రావాలి. సాయంత్రం దాకా ఇక్కడే ఉండండి. ఎడమ వైపు తిరిగి పడుకోండి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చేపలావిడ కొంగు కళ్ళకద్దుకుని, పోతానండి, గంప ఏమైందో చూసుకోవాలి అని వెళ్ళింది. నేను మాత్రం ఊపిరి పీల్చుకోలేదు. పోయినసారి నాలుగో నెలలో కూడా బాగానే ఉందనే అన్నారు. బాగానే ఉంది అన్న మాటకు ఎంతకాలం గ్యారంటీ ఉంటుందో డాక్టర్లు చెప్పరు.

ఆసుపత్రి వరండా పక్క గదిలో ఇనప మంచం. ఎడమ వైపు తిరిగి పడుకున్నాను. మా అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుని, అడగకుండానే నా కడుపు మీద చేయి వేసింది. ఉపవాసం మనిషి, పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తాగమంటే వినలేదు.

"మీరు చెయ్యి వేసినంత మాత్రాన కదలదండీ," అన్నాను.

"తెలుసు."

కాసేపటికి, "నువ్వు తిరిగి వంతెన ఎక్కడానికి వీల్లేదు," అంది. "పురుడు పోసుకునేదాకా ఈ ఒడ్డునే. గది చూస్తాను. నేనూ ఉంటాను. నీ కాలేజీ కూడా ఇక్కడేగా."

"మీరా? పాలేరు, పశువులు, వరి కోతలు?"

"మీ మావయ్య ఉన్నారుగా. నలభై ఏళ్ళుగా కూర్చున్నారు. కొంచెం లేస్తారు."

నాకు నవ్వొచ్చి ఆపుకున్నాను, నవ్వితే లోపల ఏమవుతుందోనని. ఎండ వరండా దాటి గదిలోకి వచ్చింది. నర్సు వచ్చి చూసి వెళ్ళింది. మేమిద్దరం ఒకే గదిలో అంతసేపు మాట్లాడకుండా కూర్చోవడం అదే మొదలు.

"వాడికి జుట్టు బాగా ఉంది," అంది ఆవిడ ఉన్నట్టుండి.

ఎవరి గురించో నాకు అర్థమైంది.

"ఐదో నెలకి జుట్టుండదంటారు. వాడికుంది, నూగులాగ. నువ్వు చూస్తే బెంగెట్టుకుంటావని చూపించొద్దన్నాను. పాతిపెట్టే ముందు నేనే పొత్తిగుడ్డ చుట్టాను. వేళ్ళు మావాడివే."

పడమటి ఎండ ఆవిడ చేతి గాజుల మీద పడుతోంది. నేను ఆ గాజుల వంకే చూస్తూ పడుకున్నాను. ఇంతకాలం ఎవరూ వాడి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే ఓదార్పని మా ఇంట్లో నమ్మకం. నాకు ఏడుపు రాలేదు. ఇంకా చెప్పండి అని అడగాలనిపించింది. అడగబోతుంటే పక్కటెముకల కింద ఏదో కదిలినట్టయింది.

ఊపిరి బిగబట్టాను. నిజమో, నా ఊహో తెలియలేదు. ఆ రోజు అప్పటికే చాలాసార్లు ఊహించుకుని ఉన్నాను. ఆవిడ ముఖంలోకి చూశాను.

"ఇప్పుడు కదిలింది నువ్వా, అదా?" అంది ఆవిడ, చేయి కదపకుండా.

"నేను కాదండి."

"ఊఁ. ఒక్కసారైతే నేను నమ్మను. ఇంకోసారి తన్నమను."

ఎంతసేపు పడుకున్నామో తెలియదు. తన్నింది. ఈసారి ఆవిడ గాజులు చప్పుడయ్యాయి. ఆవిడ లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, నర్సుతో మంచినీళ్ళు తెమ్మంది. తెచ్చిన గ్లాసు నాకు ఇవ్వలేదు, తనే తాగేసింది.

ఆ వారంలోనే కాలేజీ వెనక ఒక పోర్షన్లో దిగాం. పాప పుట్టేదాకా, పొద్దున్నే కాఫీ కంటే ముందు ఆవిడ అడిగే మాట ఒకటే, తన్నిందా అని. తన్నింది అంటే కాలేజీకి పంపేది. లేదంటే గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చునేది. ప్రిన్సిపాల్ గారు లేటెందుకండీ అని అడిగితే చెప్పడానికి ప్రతిసారీ కొత్త అబద్ధం వెతుక్కోవలసి వచ్చేది. ఆవిడతో మాత్రం ఒక్కసారి కూడా వాదించలేదు. మంచం మీద కూర్చుని, ఇద్దరం కలిసి, అది తన్నేదాకా ఎదురు చూసేవాళ్ళం.